మా నెత్తురు లెక్క మాకు చెప్పరా?

వైద్య పరిశోధనలకు అనుమతులిచ్చే ఎథిక్స్ కమిటీల గౌరవ అధ్యక్షులకు, సభ్యులకు,



నాలుగు పేజీల సమ్మతి పత్రంలో మూడో పేజీ అడుగున ఒక వాక్యం ఉంది. ఈ అధ్యయనంలో జరిపే పరీక్షల వ్యక్తిగత ఫలితాలు పాల్గొన్నవారికి తెలియజేయబడవు అని దాని సారాంశం. శ్రీకాకుళం జిల్లాలోని మా ఊరికి కిడ్నీ జబ్బు కారణాలు వెతకడానికి వచ్చిన ఒక పరిశోధక బృందం ఆ పత్రం పంచింది. మొదటి పేజీ మీద మీలాంటి ఒక కమిటీ ఆమోదముద్ర, తేదీ, సంతకం ఉన్నాయి. ఆ బృందం పేరు, కమిటీ పేరు ఇక్కడ రాయడం లేదు. రాస్తే ఇది ఎవరో ఒకరి మీద ఫిర్యాదుగా మిగిలిపోతుంది, మిగతావారు హాయిగా ఊపిరి పీల్చుకుంటారు. ఫైలు చదివి, ఆ వాక్యం దగ్గర కలం ఆగకుండా సంతకం పెట్టే అలవాటు ఎవరికుందో వారందరికీ ఈ లేఖ.

కవిటి, కంచిలి, సోంపేట, మందస, వజ్రపుకొత్తూరు మండలాలున్న మా ఉద్దానంలో ‘క్రియాటిన్ ఎంతుంది?’ అనేది కుశల ప్రశ్న. కిడ్నీల పనితీరు చెప్పే రక్తంలోని క్రియాటినిన్‌కు మా వాడుక పేరది. పెళ్లి పందిట్లో అదే మాట, సంతలో అదే మాట, జీడిపిక్కలు ఒలిచే చోటా అదే. అక్షరం ముక్క రాని ముసలమ్మ కూడా కొడుకు అంకెను పాయింటుతో సహా చెబుతుంది. ఆ అంకె రెండు దాటితే ఇంట్లో మాటలు తగ్గిపోతాయి. అయిదు దాటితే కొబ్బరి తోట ఎవరి దగ్గర తాకట్టు పెట్టాలన్న ఆలోచన మొదలవుతుంది. ఆ పైన వారానికి రెండు మూడుసార్లు, పడుకున్నప్పుడల్లా నాలుగేసి గంటలు డయాలసిస్ మంచం. తోడు వెళ్లే మనిషికి ఆ రోజు కూలి పోయినట్టే. ఇలా ఒక అంకె చుట్టూ బతుకులు తిరుగుతున్న చోటికి వచ్చి, ఆ అంకెనే కొలుచుకుని, కొలిచాక మీకు చెప్పం అంటున్నారు. దీన్ని ఏ నీతి కింద ఒప్పుకున్నారు మీరు?

ఆ శిబిరం మా బడి వరండాలో జరిగింది. అక్కడే పాఠాలు చెప్పి రిటైరైనవాణ్ణి కాబట్టి పేర్లు పిలిచే పని నాకు అప్పగించారు. పరగడుపున రమ్మన్నారని జనం తెల్లవారకముందే వచ్చి కూర్చున్నారు. ఊదా మూతల గొట్టాలు, ఎర్ర మూతల గొట్టాలు, ఐసు నింపిన థర్మోకోల్ పెట్టె, మూత్రానికి డబ్బాలు, బోరు నీళ్లకు సీసాలు. ప్రతి గొట్టం మీదా పేరుకు బదులు నల్లగీతల స్టిక్కరు. పత్రం చదివి వినిపించాల్సిన కుర్రాడు ఎండెక్కేలోగా వరుస పూర్తిచేయాలన్న తొందరలో ఉన్నాడు. ‘రక్తపరీక్ష ఫ్రీ తాతా, ఇక్కడ వేలిముద్ర వెయ్యి’ అన్నాడు. ముద్ర వేసిన పెద్దాయన మోచేతి మడతలో దూది నొక్కిపట్టుకుని, ‘ఏటొచ్చిందో ఎప్పుడు సెప్తారు బాబూ?’ అని అడిగాడు. కుర్రాడు పత్రం వంక చూసి, నా వంక చూసి, ‘పైనుంచి కబురొస్తాది తాతా’ అన్నాడు. కబురు రాదని అతని చేతిలోని కాగితమే చెబుతోంది. ఆ కుర్రాణ్ణి నేను తప్పుపట్టను. ఉన్నమాట చెబితే వరుసలో సగం మంది లేచి ఇంటికి పోతారని అతనికి తెలుసు. మీకు తెలియదా?

మా దగ్గర డాక్టరు నెత్తురు తీయించాడంటే రెండు రోజుల్లో రిపోర్టు చేతికొస్తుంది. సూది, గొట్టం, మెడలో గుర్తింపు కార్డు చూసిన మనిషి దాన్ని వైద్యం అనే అనుకుంటాడు. పరిశోధనకూ వైద్యానికీ తేడా అతనికి ఎవరూ విడమరచి చెప్పరు. చెప్పకపోవడం వల్లే నమూనాల సంఖ్య సకాలంలో నిండుతోంది. మరి ఆ వేలిముద్ర దేనికి పడినట్టు? పరిశోధనకా, రాని రిపోర్టుకా?

ఫలితం చెప్పకపోతే పోయేదేముంది అని మీలో ఎవరైనా అనుకుంటే, మీ పక్కన కూర్చున్న నెఫ్రాలజిస్టును అడగండి. కిడ్నీ జబ్బు చాలాకాలం చప్పుడు చేయదు. కాళ్లు పొంగి, ఆకలి చచ్చి, మనిషి తనంతట తాను ఆసుపత్రికి వెళ్లేసరికి కిడ్నీలు చాలావరకు పాడైపోయి ఉంటాయి. సగం శక్తి పోయినా రక్తంలో క్రియాటినిన్ మామూలుగానే కనిపించవచ్చు. అందుకే మూత్రంలో ఆల్బుమిన్ చూస్తారు. తొలిదశలో తెలిస్తే బీపీని అదుపులో పెట్టుకోవచ్చు. ఒళ్లు నొప్పులకు వేసుకునే బిళ్లలు, ఊళ్లో వైద్యుడు పొడిచే నొప్పి ఇంజెక్షన్లు మానేయవచ్చు. కోత రోజుల్లో మిట్టమధ్యాహ్నం తోటలో దిగకుండా పని వేళ మార్చుకోవచ్చు. జబ్బు పూర్తిగా పోదేమో, డయాలసిస్ మంచం మాత్రం కొన్నేళ్లు వెనక్కి జరుగుతుంది. ఆ కొన్నేళ్లలో ఒక పిల్ల డిగ్రీ పూర్తవుతుంది, ఒక ఇంటి అప్పు తీరుతుంది. ఆ ఏళ్లను ఇవ్వగల అంకె మీరు అనుమతించిన పరిశోధన కంప్యూటర్లో నల్లగీతల నంబరు కింద పడి ఉంటే, నమూనా ఇచ్చిన మనిషి సాయంత్రం నడుం నొప్పికి మళ్లీ అదే బిళ్ల మింగుతుంటాడు. ఇందులో ‘హాని ఏమీ లేదు’ అని ఏ గడిలో టిక్కు పెట్టారు?

కొత్త మందును మనుషుల మీద ప్రయోగించాలంటే చట్టం కాపలా ఉంది. 2019 నాటి కొత్త మందులు, క్లినికల్ ట్రయల్స్ నిబంధనలున్నాయి. ట్రయల్లో పాల్గొన్నవారికి ప్రాణహాని లాంటిది జరిగితే పరిశోధకుడు 24 గంటల్లో తెలియజేయాలి. ఆ ట్రయల్ వల్లనే హాని జరిగిందని తేలితే పరిహారం ఎంతో లెక్కగట్టే సూత్రం కూడా రాసిపెట్టారు. నిస్సహాయ స్థితిలో ఉన్నవారి మీద సరికొత్త మందును పరీక్షిస్తే సమ్మతి తీసుకునే తీరును వీడియో తీయాలి. ఇవేవీ ఊరికే రాలేదు. ఇండోర్‌లో రోగుల మీద జరిగిన మందుల ట్రయల్స్‌పై ఒక స్వచ్ఛంద సంస్థ సుప్రీంకోర్టుకు వెళ్లి పోరాడితే, మన పిడుగురాళ్ల పేద మహిళల మీద మందులు పరీక్షించారన్న ఆరోపణలు 2011లో పత్రికలకెక్కితే, ఒక్కొక్కటిగా వచ్చాయి.

మా ఊళ్లో జరిగినదానికి ఆ రక్షణ వర్తించదు. మాకు మందు ఇవ్వలేదు, మా నుంచి నమూనా తీసుకున్నారు. వీడియో అక్కర్లేదు, పరిహార సూత్రం అక్కర్లేదు, ఔషధ నియంత్రణాధికారి మధ్యలో రాడు. పరిశోధకుడికీ మాకూ నడుమ నిలబడే గుమ్మం ఒక్కటే, మీ కమిటీ. ఆ గుమ్మం తలుపు తీసే ఉంటే మేం ఎవరి దగ్గరికి పోవాలి?

సమ్మతి కాగితాన్ని లాంఛనంగా చూస్తే ఏమవుతుందో తెలుగు నేలకు కొత్త కాదు. 2009లో అప్పటి ఖమ్మం జిల్లాలో గిరిజన ఆశ్రమ పాఠశాలల పిల్లలతో సహా వేలాది ఆడపిల్లలకు హెచ్‌పీవీ టీకా ప్రాజెక్టు కింద సూదులు వేశారు. గొడవ రేగాక 2010లో ప్రాజెక్టు ఆపేశారు. 2013లో పార్లమెంటు స్థాయీ సంఘం తన 72వ నివేదికలో ఆంధ్రప్రదేశ్ సమ్మతి పత్రాల లెక్క బయటపెట్టింది. 9,543 పత్రాల్లో 1,948 మీద వేలిముద్రలు, 2,763 మీద హాస్టల్ వార్డెన్ల సంతకాలు. తల్లీతండ్రీ బతికే ఉన్న పిల్లకు వార్డెను సంతకం పెడితే దాన్ని సమ్మతి అన్నారు. ఆ టీకా గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌ను అడ్డుకునే మంచి టీకా. అప్పుడు జరిగిన పిల్లల మరణాలకు టీకా కారణమని ప్రభుత్వ విచారణ కూడా తేల్చలేదు. అయినా ఆ తర్వాత ఎన్నేళ్లు ఆ టీకా పేరెత్తితే తల్లులు భయపడ్డారో మీకు తెలుసు. సైన్సులో లోపం లేకపోయినా సంతకంలో లోపం ఉంటే చాలు, నష్టపోయేది సైన్సే. ఆ నివేదిక మీ కమిటీ గదుల్లో ఎవరైనా చదివారా?

మీ జవాబులు నాకు తెలుసు. ఒక్క పరీక్షతో కిడ్నీ జబ్బు అని తేల్చలేం, మూడు నెలల తర్వాత మళ్లీ చూడాలి, తొందరపడి చెబితే జనం హడలిపోతారు అంటారు. నిజమే. అయితే మూడు నెలల తర్వాత మళ్లీ చూసుకో నాయనా అనే మాట చెప్పడానికైనా మొదటి అంకె చెప్పాలి కదా? హడలు పోగొట్టడానికి ఒక నర్సమ్మను కూర్చోబెట్టండి, అంకెను దాచిపెట్టకండి. పరిశోధనశాల ఫలితం చికిత్సకు పనికిరాదు అంటారు. జన్యువుల మీద, నీళ్లలోని లోహాల మీద చేసే కొత్త పరీక్షల విషయంలో ఆ మాట ఒప్పుకుంటాను. వాటి అర్థం మీకే ఇంకా తేలలేదు. క్రియాటినిన్, మూత్రంలో ఆల్బుమిన్, బీపీ అలాంటివి కావు. ప్రతి ఆసుపత్రిలో రోజూ చేసే పరీక్షలివి. తేలని వాటి చాటున తేలినవాటిని ఎందుకు దాస్తున్నారు? ఇక బడ్జెట్ లేదంటారు. ఐసు పెట్టెల్లో నమూనాలను దూర నగరాలకు పంపడానికి బడ్జెట్ ఉంది, వ్యాసం ప్రచురించడానికి ఉంది. రిపోర్టు కాగితం ఊరికి తిరిగి రావడానికే లేకపోయిందా? ఏరు దాటి తెప్ప తగలేసినట్టు, నమూనాలు చేతికందాక ఊరితో పని తీరిపోతోంది.

పేదలను, వారి ఇళ్లను కలుపుకొని పరిశోధన చేయడం ఈ దేశంలో సాధ్యం కాదని కూడా అనకండి. 1956లో మద్రాసులో మొదలైన క్షయ అధ్యయనం మీకు పాఠ్యాంశమే. 193 మంది రోగుల్లో కొందరిని శానిటోరియంలో ఉంచి, కొందరికి వారి ఇరుకు ఇళ్లలోనే మందులిచ్చి పోల్చి చూశారు. ఇంట్లో వైద్యం కూడా శానిటోరియంతో సమానంగా పనిచేసిందని, రోగి ఇంట్లో ఉన్నందువల్ల కుటుంబానికి అదనపు ముప్పు రాలేదని తేలింది. ఆ మాట ఎలా చెప్పగలిగారు? రోగిని చూసి ఊరుకోకుండా అయిదేళ్లపాటు అతని ఇంటివాళ్లనూ పరీక్షిస్తూ వచ్చారు కాబట్టి. క్షయ వచ్చిందంటే ఆస్తి అమ్ముకుని మదనపల్లె దగ్గరి ఆరోగ్యవరం లాంటి శానిటోరియంలో మంచం కోసం ఎదురుచూసిన తెలుగు కుటుంబాలెన్నో ఉండేవి. మంచం దొరికినా బిడ్డల మొహం చూడకుండా నెలల తరబడి ఉండాలి. ఆ ఎడబాటును తప్పించింది ఒక పరిశోధన. కుటుంబాన్ని లెక్కలోకి తీసుకున్న పరిశోధన కుటుంబాన్ని నిలబెట్టింది. డెబ్బై ఏళ్ల కిందట చేతనైనది, ప్రతి ఇంట్లో ఫోనున్న ఈ రోజుల్లో మీకెందుకు కష్టమవుతోంది?

తెలిసిన సంగతి పత్రికల్లోనే ఉండిపోతే ఏమవుతుందో కూడా మన దగ్గరే చూశాం. అప్పటి నెల్లూరు జిల్లా పల్లెల్లో ఎముకలు వంకరపోతున్నది నీళ్లలోని ఫ్లోరైడ్ వల్లనని పరిశోధకులు 1937లోనే అచ్చువేశారు. అదే జబ్బుతో నల్లగొండ పల్లెలు తరాల పాటు నడుములు వంగిపోయి బతికాయి. దానికి నిరసనగా 1996లో నల్లగొండ లోక్‌సభ స్థానానికి 480 మంది పోటీకి దిగితే దేశం ఉలిక్కిపడి బ్యాలెట్ పేపరు పొడవు గురించి మాట్లాడుకుంది. తమ నీళ్లలో ఏముందో తెలిసిన జనం చేసిన పని అది. తెలిసిన జనం అడుగుతారు, నిలదీస్తారు, కోర్టుకెక్కుతారు. మాకు తెలియకుండా ఉంచడమంటే అడిగే నోరు మూయించడమే కదా?

మా ఊళ్ల పేర్ల సంగతి కూడా చెప్పాలి. మీరు అనుమతించిన వ్యాసాల్లో మనుషుల పేర్లు ఉండవు, ఊరి పేర్లు మాత్రం పటంతో సహా ఉంటాయి. వాటిని చూసి వార్తలు వస్తాయి. ‘ఉద్దానం సంబంధమా?’ అని అవతలి వాళ్లు వెనక్కి తగ్గడం మాకు కొత్త కాదు. పెళ్లిచూపులకు ముందు క్రియాటిన్ రిపోర్టు అడిగిన ఇళ్లున్నాయి. అంటే పరిశోధన వల్ల వచ్చే అపవాదు మా వాటా, ఫలితం మీ వాటా. ఊరి పేరు ప్రచురించే ముందు ఊరిని అడగమని ఒక్క షరతు పెట్టడం మీ అధికారంలో లేదా?

దాచి ఉంచే నమూనాల మాటా అంతే. భవిష్యత్ పరిశోధనల నిమిత్తం భద్రపరచుటకు సమ్మతించడమైనది అని ఆ సమ్మతి పత్రంలోనే ఇంకో వాక్యం ఉంది. ఎన్నేళ్లు? ఎవరి ఫ్రిజ్‌లో? ఏ పరిశోధనకు? మీరు పాటిస్తామని చెప్పే భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) 2017 మార్గదర్శకాల ప్రకారం నమూనాకు యజమాని దాన్ని ఇచ్చిన మనిషే, సంస్థ కేవలం సంరక్షకుడు. పాల్గొన్నవారికి అధ్యయన ఫలితాలు తెలుసుకునే అవకాశం ఇవ్వాలని ప్రపంచ వైద్య సంఘం హెల్సింకీ ప్రకటన చెబుతోంది. ఇవి మా పల్లెటూరివాళ్లు కనిపెట్టిన కోరికలు కావు. మీ గోడ మీద వేలాడదీసుకున్న నియమాలే. యజమానికి తన సొత్తు సంగతి చెప్పబోమనే కాగితం మీద సంరక్షకుడు సంతకం పెట్టవచ్చునా?

నేను పరిశోధన వద్దనేవాణ్ణి కాదు. నాకంటే గట్టిగా పరిశోధన కావాలని అడిగేవాళ్లు దొరకరు. తాగునీరా, పురుగుమందులా, మండుటెండలో పనా, నొప్పి మాత్రలా, వంశపారంపర్యమా, ఇన్నేళ్లయినా ఇదీ కారణం అని తేలలేదు. కారణం తేలకముందే మాకు కొన్ని మేళ్లు జరిగాయి. 2023 డిసెంబరులో పలాసలో 200 పడకల కిడ్నీ ఆసుపత్రి, పరిశోధన కేంద్రం తెరిచారు. హిరమండలం నుంచి వంశధార నీళ్లు పైపుల్లో తెచ్చారు. డయాలసిస్‌కు విశాఖపట్నం దాకా పోవలసిన రోజుల కంటే ఇది నయమే. అయినా మా మనవలకు ఈ జబ్బు రాకూడదంటే కారణం తెలియాలి. నికరాగువా చెరకు తోటల్లో ఇలాంటి జబ్బుకే కారణం పూర్తిగా తేలకముందే నీడ, నీళ్లు, మధ్యలో విశ్రాంతి ఏర్పాటుచేసి కూలీల కిడ్నీలు దెబ్బతినడం తగ్గించగలిగారు. తెలిసినంత మేరకు తెలిసినవెంటనే జనానికి అందించారు కాబట్టి అది కుదిరింది. మేం అడిగేది అదే.

కాబట్టి మీరు చేయవలసినవి చెబుతాను. వాడుకలో ఉన్న పరీక్షల ఫలితం నెల రోజుల్లో, తెలుగులో, కాగితం మీద పాల్గొన్న మనిషికి చేరాలన్న షరతు లేకుండా ఏ అధ్యయనానికీ అనుమతి ఇవ్వకండి. అంకె తేడాగా వస్తే అతన్ని పీహెచ్‌సీకో పలాస ఆసుపత్రికో చేర్చే బాధ్యత ఎవరిదో పేరుతో సహా ఫైలులో రాయించండి. అధ్యయనం ముగిశాక, వ్యాసం అచ్చుకు వెళ్లేలోగా, పరిశోధకుడే ఊరికి వచ్చి గ్రామసభలో ఏం తేలిందో, ఏం తేలలేదో చెప్పాలనండి. ఏమీ తేలలేదన్నా మేం వింటాం. ఇన్నేళ్లుగా జబ్బుతో బతికినవాళ్లం, తేలలేదన్న మాటకు తట్టుకోలేమా?

చివరిది మీ కుర్చీల గురించి. మీ కమిటీలో ఏడుగురికి తగ్గకూడదని, సగం మంది సంస్థకు బయటివాళ్లు కావాలని, ఒక సామాన్య పౌరుడు తప్పనిసరి అని నియమం ఉంది. ఆ సామాన్య పౌరుడి కుర్చీలో ఎవరు కూర్చుంటున్నారు? ఆ సంస్థ డైరెక్టరుకు తెలిసిన రిటైర్డు అధికారా, పక్క వీధి వ్యాపారా? ఉద్దానం ఫైలు చర్చకు వచ్చిన రోజున డయాలసిస్ మనిషిని ఆటోలో ఎక్కించి దించిన అనుభవం ఉన్న ఒక ఇల్లాలిని ఆ కుర్చీలో కూర్చోబెట్టండి. మూడో పేజీ అడుగున ఉన్న ఆ వాక్యాన్ని ఆమె దాటిపోనిస్తుందేమో చూద్దాం.

మీరు షరతులు పెట్టేదాకా మేం చూస్తూ కూర్చోం. ఫలితం ఎవరికి, ఎన్ని రోజుల్లో, ఎవరి చేత అందుతుందో రాతపూర్వకంగా ఇవ్వని బృందానికి నమూనాలు ఇవ్వవద్దని మా పంచాయతీల్లో తీర్మానం పెట్టమని సర్పంచులను అడుగుతున్నాం. పరిశోధన ఆగిపోతుందని మీకు ఆందోళన కలిగితే, ఆపుతున్నది మేం కాదు, ఆ ఒక్క వాక్యం. దాన్ని కొట్టేసే కలం మీ చేతిలో ఉంది.

ఇట్లు,
ఉద్దానానికి చెందిన ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు